కష్టం ఎవరిది, ఖాతా ఎవరిది?

ఆన్‌లైన్ విరాళాల మోసాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాయం చేయమంటూ ఫోన్‌లోకి వచ్చే మెసేజుల గురించి ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకులు చాలామంది రాశారు. కథ నిజమో కాదో ఎలా తెలుస్తుందని దాదాపు అందరూ అడిగారు. కథ సంగతి తర్వాత చూద్దాం. మీరు పంపే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో ముందు చూడండి. ఫొటోలోని బిడ్డ నిజంగానే ఐసీయూలో ఉండొచ్చు. ఆ ఫొటో కింద అతికించిన క్యూఆర్ కోడ్ మాత్రం ఇంకెవరిదో అయి ఉండొచ్చు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్ వచ్చింది. ఎనిమిది నెలల పాపకు గుండె ఆపరేషన్ అట. సాయంత్రంలోగా 4 లక్షలు కట్టకపోతే డాక్టర్లు చేయరట. పాప ఫొటో, ఆస్పత్రి లెటర్, క్యూఆర్ కోడ్ పెట్టారు. గ్రూపులో కొందరు అప్పుడే పంపేశారు. నాకూ పంపాలనే ఉంది గానీ నమ్మకం కుదరడం లేదు. ఎలా తేల్చుకోవాలండీ?
— ఓ గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆ క్యూఆర్‌ను మీ యూపీఐ యాప్‌లో ఉన్న స్కానర్‌తోనే స్కాన్ చేయండి. ఫోన్ కెమెరాతో వద్దు. కొన్ని క్యూఆర్‌లలో వెబ్ లింకులు దాస్తారు, కెమెరా వాటిని తెరిచేస్తుంది. యూపీఐ యాప్‌లో అయితే స్కాన్ చేసినంత మాత్రాన మీ డబ్బు ఎక్కడికీ పోదు. స్కాన్ అవగానే తెర మీద ఓ పేరు వస్తుంది. అది పాప తల్లిదండ్రుల పేరా? మెసేజ్‌లో రాసిన ట్రస్టు పేరా? ఏ ట్రేడర్స్ అనో, సంబంధం లేని మనిషి పేరో వస్తే అక్కడే ఆగిపోండి. 'మా బావమరిది అకౌంట్ అండీ, మాది ఫ్రీజ్ అయింది' అన్న జవాబు ఈ మోసాల్లో తరచూ వినపడుతుంది.

ఇక్కడో చిక్కుంది. దుకాణాలకు ఇచ్చే మర్చంట్ క్యూఆర్‌లో కనిపించేది వ్యాపారం పేరు, అది ఖాతాదారు సొంత పేరే కానక్కర్లేదు. ఏదో 'ఫౌండేషన్' అని పేరు పెట్టుకుని క్యూఆర్ తీసుకున్నవాళ్లు ఉంటారు. అందుకని పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడగండి. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును, చివరి ఆరు బ్రాంచిని చెబుతాయి, మధ్యలో సున్నా ఉంటుంది. దాన్ని గూగుల్‌లో కొడితే బ్రాంచి ఏ ఊళ్లో ఉందో తెలిసిపోతుంది. గుంటూరు కుటుంబం అని చెప్పి ఎక్కడో వేరే రాష్ట్రంలోని బ్రాంచి ఖాతా ఇస్తే అనుమానించాల్సిందే.

తర్వాత ఆస్పత్రి లెటర్. నిజమైన ఎస్టిమేట్‌లో రోగి పేరు, వయసు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు), విభాగం, డాక్టరు పేరు, తేదీ, ఏ ఖర్చుకు ఎంతో విడివిడిగా ఉంటాయి. నకిలీవాటిలో ఎక్కువగా మొత్తం ఒక్కటే గుండుగుత్తగా ఉంటుంది, లేదా ఇంకెవరి లెటర్‌లోనో పేరు చెరిపి కొత్తది రాస్తారు. ఫొటోను పెద్దది చేసి చూడండి. పేరు రాసిన చోట అక్షరాల మందం మారుతుంది, వెనక కాగితం రంగు అక్కడ మాత్రం మరీ తెల్లగా ఉంటుంది. లెటర్‌లో ఇచ్చిన ఫోన్ నంబరుకు చేయకండి. ఆస్పత్రి సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేసి బిల్లింగ్ కౌంటర్ అడగండి. 'ఫలానా ఐపీ నంబరు పేషెంటు బిల్లుకు బయటివాళ్లం నేరుగా కట్టొచ్చా?' అంటే చాలు. జబ్బు వివరాలు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ ఆ నంబరుతో మనిషి ఉన్నాడో లేడో అర్థమైపోతుంది. ఉంటే ఆస్పత్రి ఖాతాకే కట్టి, ఐపీ నంబరు వేసిన రసీదు తీసుకోండి. మాకు తెలిసిన దారుల్లో ఇంతకు మించిన భద్రమైనది లేదు. మీరు బిల్లు నేరుగా కడతానన్నప్పుడు నిజమైన కుటుంబం దణ్ణం పెడుతుంది, మోసగాడు కోప్పడతాడు.

ఇంకో మాట అడగొచ్చు: 'ఎన్టీఆర్ వైద్య సేవలో పెట్టారా?' అని. మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్న పథకమే ఇది. పసిపిల్లల గుండె ఆపరేషన్లు చాలావరకు ఇందులో ఉన్నాయి. పథకం వర్తించనంత మాత్రాన మోసం అనలేం, కారణాలు ఎన్నో ఉంటాయి. కానీ బిడ్డను ఆస్పత్రిలో పెట్టుకున్న తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఈపాటికి పదిమంది వేసి ఉంటారు, జవాబు నాలుక చివరే ఉంటుంది.

ఫొటోను సేవ్ చేసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే పాప వేరే పేరుతో, వేరే ఊరి పేరుతో, ఏళ్ల కిందటి పోస్టులో కనిపించొచ్చు. ఒక్కోసారి ఏదో విరాళాల సైట్‌లో అసలైన అభ్యర్థనే కనిపిస్తుంది. 'చూశారా, నిజమే' అని ఆ క్యూఆర్‌కు పంపేస్తే పొరపాటు. నిజమైన అభ్యర్థనలోని ఫొటోలు, కాగితాలు ఎత్తుకొచ్చి క్యూఆర్ ఒక్కటి మార్చడం వీళ్లకు బాగా అలవాటు. ఇవ్వాలనుకుంటే ఆ అసలు పేజీలోకి వెళ్లి అక్కడే ఇవ్వండి.

గ్రూపులో కొందరు పంపారన్నారు. వాళ్లలో ఆ కుటుంబాన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరని అడగండి. 'నాకు మా వదిన పంపింది', 'వదినకు వాళ్ల ఆఫీసులో ఎవరో పంపారు' అంటూ ఆ వరస ఎక్కడా తేలకపోతే, పంపినవాళ్లు ఎందరున్నా అది సాక్ష్యం కాదు.

డబ్బు పోకముందే మోసం అని తేలితే ఊరుకోకండి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో 'చక్షు' అనే విభాగంలో ఆ నంబరు, మెసేజ్ పెట్టండి. కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అనుమానిత నంబర్లు, యూపీఐ ఐడీలు వెతికే చోటు కూడా ఉంది. అక్కడ దొరికితే మోసమని దాదాపు ఖాయం. దొరకలేదంటే ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదని మాత్రమే.

ప్రశ్న: మా నాన్నగారి సంవత్సరీకానికి అనాథ పిల్లలకు భోజనం పెట్టించాలని ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఓ ఆశ్రమానికి 3,500 పంపాను. నాన్న పేరున్న బ్యానర్ ముందు పిల్లలు భోంచేస్తున్న వీడియో పంపారు. రెండు నెలల తర్వాత మా స్నేహితురాలికి వాళ్ల అబ్బాయి పుట్టినరోజుకు వచ్చిన వీడియోలో అవే ముఖాలు, అవే చొక్కాలు! ఇలా ఎలా చేస్తారు? ఇకమీదట ఎలా గుర్తుపట్టాలి?
— ఓ పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఒక్కసారి తీసిన వీడియోలో బ్యానర్ మీది పేరు మార్చుకుంటూ వందమందికి పంపుతారు. బ్యానర్ తెల్లగా ఖాళీగా ఉంచి వీడియో తీసి, అక్షరాలు యాప్‌తో అతికిస్తారు. ఆ వీడియోను ఆపి ఆపి చూడండి. బ్యానర్ ముందు నుంచి ఎవరైనా నడిచి వెళ్లినప్పుడు అక్షరాలు ఆ మనిషి వెనక దాగాలి. అతికించినవైతే పిల్లాడి తల మీదే తేలుతూ కనిపిస్తాయి. కెమెరా కదిలినప్పుడు బ్యానర్ అంచు ఒకలా, అక్షరాలు ఇంకోలా జరుగుతాయి. మీ నాన్నగారి పేరు చెప్పే గొంతు కూడా చూడండి. పళ్లాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి పేరు వినపడి, మళ్లీ చప్పుడు మొదలైతే ఆ గొంతు తర్వాత చేర్చిందే. మే నెల గుంటూరు ఎండల్లో పిల్లలు స్వెటర్లు వేసుకుని ఉంటే అది ఎప్పటి వీడియోనో వేరే చెప్పక్కర్లేదు.

అంతకంటే ముఖ్యం: పిల్లల ముఖాలు ఇలా నెట్‌లో పెట్టి చందాలు అడిగేవాళ్లను మొదటే పక్కన పెట్టండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అనాథ పిల్లలను ఉంచే ప్రతి హోం 41వ సెక్షన్ కింద రిజిస్టర్ అయి ఉండాలి. 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేలా పేర్లు, ఫొటోలు ప్రచురించకూడదు. బాధ్యతగా నడిపే హోం పిల్లల ముఖం చూపించి డబ్బు అడగదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, జిల్లా బాలల సంక్షేమ కమిటీలో కనుక్కోండి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలను ఉంచుతున్నారని తెలిస్తే బాలల హెల్ప్‌లైన్ 1098కు చెప్పండి. అది మీ 3,500 కంటే పెద్ద విషయం.

సంవత్సరీకం లాంటి రోజున మనసు ఎలా ఉంటుందో ఆ మోసగాళ్లకు తెలుసు, అందుకే ఎక్కువ ప్రశ్నలు వేయరన్న ధీమా. వచ్చే ఏడు ఊళ్లోనే ఉన్న హోంకు ముందుగా వెళ్లి మాట్లాడండి. ఆ రోజుకు ఎంతమంది ఉంటారు, ఏం వండుతారు అడిగి, 25 కిలోల బియ్యం బస్తా, కందిపప్పు, నూనె మీరే కొనిచ్చి రండి. దూరాన ఉన్నవాళ్లు ఆ హోం సరుకులు తెచ్చుకునే కొట్టు కనుక్కుని, బిల్లు కొట్టుకే కట్టొచ్చు. భోజనాల వేళ పిల్లల వీడియో అడగకండి, సరుకుల బిల్లు అడగండి.

ప్రశ్న: వరదలప్పుడు మా ప్రాంతం పేరు చెప్పి ఎవరెవరో చందాలు వసూలు చేశారు. మాకు చేరిందేమీ లేదు. మళ్లీ అలాంటి ఆపద వస్తే ఇచ్చేవాళ్లు దేన్ని నమ్మాలి?
— ఓ పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: 2024 సెప్టెంబరులో బుడమేరు మీ ఇళ్లలోకి వచ్చినప్పుడు నిజంగా పడవల్లో పాలు, అన్నం మోసినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల కష్టం పేరు చెప్పుకుని బతికేవాళ్లు ప్రతి ఆపదలోనూ పుట్టుకొస్తారు. ఊరూపేరూ కొత్తగా ఉన్న పేజీ కనిపిస్తే ఫేస్‌బుక్‌లో పేజ్ ట్రాన్స్‌పరెన్సీ తెరిచి ఎప్పుడు మొదలైందో, ఇంతకుముందు ఏ పేరుతో ఉండేదో చూడండి. వరద వచ్చాక పుట్టిన పేజీ, లేదా నిన్నటిదాకా క్రికెట్ వీడియోల పేజీగా ఉండి ఇవాళ సహాయ నిధి అయినది, వద్దు.

ప్రభుత్వ నిధికి ఇవ్వాలనుకుంటే ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అసలుకు నకలు ఒక్క అక్షరం దూరంలో ఉంటుంది. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి మొదలైనప్పుడు అసలు యూపీఐ ఐడీ 'పీఎంకేర్స్ ఎట్ ఎస్‌బీఐ'. చివరి 'ఎస్' ఒక్కటి తీసేసి 'పీఎంకేర్' పేరుతో నకిలీ ఐడీ తిప్పారు. దాన్ని నమ్మొద్దని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం హెచ్చరించాల్సి వచ్చింది. కాబట్టి ఫార్వర్డ్ అయిన ఐడీని కాపీ చేసి పంపకండి. ముఖ్యమంత్రి సహాయ నిధి అయినా, తిరుమల అయినా, ఇంద్రకీలాద్రి అమ్మవారి గుడి అయినా అధికారిక వెబ్‌సైట్ మీరే టైప్ చేసి వెళ్లండి.

వెబ్ అడ్రసును కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకోండి. మొదట్లో వచ్చే 'https://'ను వదిలేస్తే, ఆ తర్వాతి మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి ముక్క ఏమిటన్నదే లెక్క. అది 'డాట్ జీఓవీ డాట్ ఇన్' అయితే ప్రభుత్వానిది. 'ఏపీ-జీఓవీ-ఇన్ డాట్ ఆర్గ్' లాంటిదైతే ప్రభుత్వానిది కానే కాదు. ఆ 'ఆర్గ్' ఎవరైనా కొనుక్కోవచ్చు. గూగుల్‌లో వెతికితే అన్నిటికంటే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి ప్రకటనలు, వాటిని దాటి కిందికి వెళ్లండి.

సైనికుల పేరుతో వచ్చేవీ ఇలాంటివే. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత, సైన్యం ఆధునికీకరణకు రోజుకు ఒక్క రూపాయి చొప్పున వేయమంటూ, కేబినెట్ నిర్ణయించిందంటూ వాట్సాప్‌లో ఓ మెసేజ్ తిరిగింది. అది తప్పుదోవ పట్టించేదని ప్రభుత్వమే ప్రకటించింది. దేశం, దేవుడు, పసిబిడ్డ అన్న మూడు మాటలు వినగానే ఆలోచన ఆగిపోతుందని వాళ్ల నమ్మకం.

ప్రశ్న: ఓ ట్రస్టు వాళ్లు తమకు 80జీ, అంటే విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే ఆమోదం, ఉందంటున్నారు. లక్ష చెక్కు ఇస్తే రసీదు ఇచ్చి 90 వేలు నగదుగా వెనక్కి ఇస్తామంటున్నారు. ఇది నడుస్తుందా? అసలు 80జీ నిజమో కాదో ఎలా చూడాలి?
— మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: నగదు వెనక్కి ఇస్తామన్నవాళ్లతో మాటే వద్దు. అది దానం కాదు, దొంగ ఖర్చు. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే పన్నుతో పాటు ఆ పన్నుకు 200 శాతం జరిమానా పడే అవకాశం ఉంది. అలాంటి ట్రస్టు మీద దాడి జరిగితే చెక్కులిచ్చినవాళ్ల జాబితా కూడా అధికారుల చేతికి వెళ్తుంది.

ఇక పరీక్ష సంగతి. 80జీ ఆమోదం నంబరు అడగండి, మొదటి పది అక్షరాలూ ఆ ట్రస్టు పాన్ నంబరే అయి ఉంటాయి. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. ట్రస్టుకు 'టీ', సంఘాలకు సాధారణంగా 'ఏ', కంపెనీగా రిజిస్టర్ అయిన సేవా సంస్థకు 'సీ' ఉంటుంది. 'పీ' ఉంటే అది ఒక వ్యక్తి సొంత పాన్, ట్రస్టుది కాదు. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మినహాయింపు పొందిన సంస్థల జాబితాలోనూ వెతకొచ్చు. సేవా సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉన్నామని కొందరు చూపిస్తారు. అక్కడుంటే పేరూ, రిజిస్ట్రేషన్ వివరాలూ దొరుకుతాయి గానీ అది మంచితనానికి సర్టిఫికెట్ కాదు.

రసీదు ఒక్కటే చాలదు. 2021-22 నుంచి, ఇచ్చినవాళ్ల వివరాలు సంస్థ పన్ను శాఖకు పంపి, 10బీఈ అనే ధ్రువపత్రం మీకు ఇవ్వాలి. గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31. అది రాకపోతే మినహాయింపు రాదు. 2,000 దాటి నగదుగా ఇచ్చినదానికీ రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకూ రాదు. ఎవరో ఒకరి ఆపరేషన్‌కు నేరుగా ఇచ్చిన డబ్బుకు 80జీ ఇస్తామంటే అది అబద్ధం.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. మంగళగిరి దగ్గర ఓ వృద్ధాశ్రమానికి డాలర్లు పంపుతానంటున్నాడు. పంపొచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉంటేనే. భారతీయ మూలాలున్నా విదేశీ పౌరుడి డబ్బు విదేశీ విరాళమే. అది ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోకే రావాలి. 'ఇక్కడి మా లోకల్ ఖాతాకు వేసేయండి సార్' అంటే చట్టం తెలియనివాళ్లో, తెలిసీ తప్పుకునేవాళ్లో. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసేవారు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ నిబంధన వర్తించదు.

ప్రశ్న: కుక్కల షెల్టర్ అని నమ్మి 20,000 పంపాను. రసీదు అని ఓ ఫైల్ పంపితే తెరిచాను, ఏదో యాప్ ఇన్‌స్టాల్ అయింది. తర్వాత వాళ్ల ఫోన్ స్విచాఫ్. ఇప్పుడేం చేయాలి?
— బీటెక్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఇది చదువుతున్న క్షణంలో ఆ యాప్ ఇంకా మీ ఫోన్‌లో ఉంటే ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఫైల్ పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే అది రసీదు కాదు, మీ ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు ఎత్తుకుపోయే యాప్. రసీదు ఎప్పుడూ పీడీఎఫ్ గానో, ఫొటోగానో వస్తుంది.

ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు, ఎందుకంటే మోసగాళ్లు డబ్బును గంటల్లోనే ఒక ఖాతా నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి ఏటీఎంకు తోసేస్తారు. అది దారిలో ఉండగా చెబితే ఆ ఖాతాలో ఆపించగలరు. వాళ్లు అడిగేవి దగ్గర పెట్టుకోండి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత, ఎప్పుడు, వెళ్లిన యూపీఐ ఐడీ, యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల నంబరు. ఫిర్యాదు నంబరు వస్తుంది, రాసుకోండి. ఆ నంబరుతో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు, స్క్రీన్‌షాట్లు పెట్టండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి, వాళ్లను బ్లాక్ చేసే ముందే అన్నీ దాచుకోండి.

రెండో కాల్ బ్యాంకుకు. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. మీకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన డబ్బును, మీ తప్పు లేకపోతే, మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకే భరించాలని 2017 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీరే పిన్ కొట్టి పంపిన 20,000కు అది వర్తించదు. ఆ యాప్ వల్ల తర్వాత ఏమైనా పోతే దాన్ని విడిగా, వెంటనే ఫిర్యాదు చేయండి. రెండింటినీ కలిపి ఒకే కాగితంలో రాస్తే రెండోది కూడా మొదటిదాని లెక్కలోకి పోవొచ్చు.

ఫోన్ సంగతికి వస్తే, ఆ యాప్‌ను తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో దానికి ఇచ్చిన యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు రద్దు చేసి అప్పుడు తీయండి. అయినా మొండికేస్తే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. ఆ తర్వాత ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్ రద్దు చేయండి, యూపీఐ పిన్ మార్చండి, యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూడండి. నెలనెలా విరాళం అని మీకు తెలియకుండా ఒప్పించి ఉంటే అక్కడ కనిపిస్తుంది. 15,000 లోపు ఆటోపేకు ప్రతిసారీ పిన్ అడగదు. కనిపిస్తే అక్కడే రద్దు చేయొచ్చు.

దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వండి. మోసగాడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇక్కడ జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయొచ్చు. 'మా పరిధి కాదు' అంటే 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో 173వ సెక్షన్ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్ రావొచ్చు. సైబర్ సెల్ నుంచి అనో, లాయర్ అనో చెప్పి 'మీ 20,000 దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు 1,500 కడితే రిఫండ్ వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటారు. మోసపోయినవాళ్ల నంబర్లు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడవుతుంటాయి.  ఆపిన డబ్బు తిరిగి వస్తే బ్యాంకు ద్వారా మీ ఖాతాలోకే వస్తుంది. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, పోలీసులకు ఫీజు కట్టే పనీ లేదు.